గుమాస్తాలు నడిపిన పునరుజ్జీవనం

(కోఠిలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఐరోపా పునరుజ్జీవన కాలంలో మానవతావాదం, కళ, సమాజం అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ మాట వినగానే మన మిత్రులొకరు "డి.ఎ. బకాయిలు వదిలేసి ఇటలీ దాకా ఎందుకండీ?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. డి.ఎ. సంగతి నా తరువాత మాట్లాడేవారు చెబుతారు. నేను మనవి చేయదలచింది ఒక్కటే. ఐరోపాను మేల్కొలిపిన ఆ ఉద్యమాన్ని మోసినవారిలో చాలామంది మనబోటివారే. జీతం తీసుకుని ఉత్తరాలు రాసినవారు, నకళ్లు తీసినవారు, దస్తరాలు కాపాడినవారు. మన కోఠిలో ఆ పని జరిగినప్పుడు కూడా అటువంటివారే ముందు నిలిచారు.

ముందుగా మాటకు అర్థం చూద్దాం. మానవతావాదం అంటే ఈనాడు మనం దయాధర్మాలు అనుకుంటాం. ఆనాటి ఇటలీలో ఆ పేరుకు అర్థం వేరు. వ్యాకరణం, వక్తృత్వం, చరిత్ర, కవిత్వం, నీతిశాస్త్రం – ఈ అయిదింటినీ కలిపి మనిషికి సంబంధించిన చదువులు అనేవారు. దేవుణ్ణి గురించిన శాస్త్రం మఠాల్లో సాగుతోంది. న్యాయశాస్త్రం, వైద్యం విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. మనిషి ఎలా మాట్లాడాలి, పూర్వులు ఎలా బ్రతికారు, తన ఊరి మంచిచెడ్డల్లో పౌరుడి పాత్ర ఏమిటి అనేది ఈ కొత్త చదువు. దీన్ని చెప్పేవాణ్ణి మానవతావాది అన్నారు.

ఈ చదువు వల్ల అన్నం దొరికే చోటు ఎక్కడో తెలుసునా? కార్యాలయం! ఫ్లోరెన్సు వంటి నగర రాజ్యాలకు ఇతర రాజ్యాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడపడానికి మంచి భాష రాసేవారు కావలసి వచ్చింది. కొలుచ్చో సలుటాటి అనే ఆయన 1375 నుంచి 1406లో చనిపోయేవరకు ఫ్లోరెన్సు ప్రభుత్వ ప్రధాన లేఖకుడు. ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసు. ఆయన రాసే ఒక్క ఉత్తరం వెయ్యిమంది ఆశ్వికుల కంటే ఎక్కువ నష్టం చేస్తుందని శత్రువైన మిలాను ప్రభువు వాపోయినట్టు చెబుతారు. డ్రాఫ్టు బాగా రాయడం చిన్న పని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ సలుటాటియే గ్రీకు నేర్పడానికి కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఒక పండితుణ్ణి పిలిపించాడు. 1397లో ఫ్లోరెన్సులో గ్రీకు పాఠాలు మొదలయ్యాయి. మరచిపోయిన విద్య మళ్లీ ప్రాణం పోసుకున్నది.

ఇంకొకాయన పోజ్జో బ్రాచ్చొలీని. ఈయన పోపుగారి కార్యాలయంలో లేఖకుడు. 1415లో చర్చి మహాసభ ఆ పోపును పదవి నుంచి తొలగించింది. దానితో పోజ్జో ఉద్యోగం పోయింది. ఇంటికి పోయి కూర్చోలేదు. చుట్టుపక్కల మఠాలు తిరిగి, దుమ్ముపట్టి ఉన్న పాత ప్రతులు వెదికాడు. 1417లో లుక్రీషియస్ అనే ప్రాచీన లాటిన్ కవి కావ్యం ఆయన చేతికి చిక్కింది. అంతకు కొన్ని వందల ఏళ్లుగా దాన్ని చదివినవారే అరుదు. దొరికినదాన్ని దాచుకోక, నకలు తీయించి మిత్రులకు పంపాడు. పోజ్జో, ఆయన మిత్రుడు నిక్కొలో నిక్కొలి ఇద్దరూ చక్కగా విడివిడిగా, చదవడానికి తేలికగా ఉండే దస్తూరి అలవాటు చేశారు. తరువాత అచ్చువారు పోసిన రోమన్ అక్షరాలకు ఆ దస్తూరే మూలం. మనం ఏళ్ల తరబడి టైపు మిషన్ మీద కొట్టిన ఇంగ్లీషు అక్షరాలు ఆ గుమాస్తా చేతిరాతకు వారసులన్నమాట.

ఆ నిక్కొలి సంగతి కూడా వినండి. ఆయన వర్తకుడి కొడుకు. ఉన్నదంతా పుస్తకాల మీద పెట్టి, అప్పుతో 1437లో పోయాడు. తన పుస్తకాలు అందరికీ అందుబాటులో ఉండాలన్నది ఆయన కోరిక. కొసిమో మెడిచి అనే సంపన్నుడు ఆ అప్పు తీర్చి, పుస్తకాలను సాన్ మార్కో మఠంలో కట్టించిన మందిరంలో పెట్టించాడు. 1444లో అది తెరిచారు. బయటివారు కూడా వచ్చి చదువుకోగల గ్రంథాలయాల్లో ఐరోపాలో ముందువరుసలోది అది. ఒకరి పుస్తకాల పిచ్చి, మరొకరి డబ్బు కలిస్తే ఊరికి ఎంత మేలు జరుగుతుందో చూడండి. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, కోఠికి వచ్చినప్పుడు అవసరం పడుతుంది.

మూడో ఆయన మాకియవెల్లి. పేరు మీరందరూ విన్నదే. 1498 నుంచి 1512 దాకా ఫ్లోరెన్సు ప్రభుత్వంలో కార్యదర్శి. ప్రభుత్వం మారింది, ఉద్యోగం ఊడింది, చెరసాల, చిత్రహింస కూడా తప్పలేదు. తరువాత పల్లెటూళ్లో ఉంటూ 1513 డిసెంబరులో మిత్రుడికి ఒక ఉత్తరం రాశాడు. పగలంతా పొలం పనులు, సత్రంలో పేకాట. సాయంత్రం ఇంటికి వచ్చి బురద బట్టలు విప్పి, కొలువుకు వెళ్లేటప్పటి దుస్తులు వేసుకుని, చదువుకునే గదిలోకి వెళ్లి పూర్వుల గ్రంథాలతో నాలుగు గంటలు మాట్లాడుకునేవాణ్ణని, ఆ సమయంలో ఏ దిగులూ ఉండదని అందులో చెప్పుకున్నాడు. అలా రాసినదే 'ప్రిన్స్' అనే లోకప్రసిద్ధ గ్రంథం. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. అయినా ఆ సాయంత్రాలు వృథా పోలేదు.

ఇక కళ సంగతి. ఆ కాలపు చిత్రకారులు దేవతలను, పునీతులను చిత్రించడం మానలేదు. అయితే ఆ ముఖాల్లోకి మనిషి వచ్చి చేరాడు. 1420లలో మసాచ్చో అనే యువకుడు స్వర్గం నుంచి గెంటివేయబడిన ఆదామును, అవ్వను ఫ్లోరెన్సులోని ఒక చర్చి గోడ మీద చిత్రించాడు. ఆదాము రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తాడు, అవ్వ నోరు తెరిచి రోదిస్తుంది. అది పురాణ పాత్రల దుఃఖంలా ఉండదు, పొరుగింటివారి దుఃఖంలా ఉంటుంది.

మన సభకు తగిన చిత్రం ఇంకొకటి ఉంది. ఘిర్లాందాయో అనే చిత్రకారుడు 1490 ప్రాంతంలో వేసిన 'వృద్ధుడు, మనవడు'. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. ముసలాయన జుట్టు నెరిసింది. ముక్కు ఏదో జబ్బు వల్ల గడ్డలు గడ్డలుగా ఉబ్బిపోయి చూడడానికి వికారంగా ఉంటుంది. చిత్రకారుడు దాన్ని దాచలేదు. ఒళ్లో ఉన్న మనవడు ఆ ముఖంలోకి ఎంత ఆపేక్షగా చూస్తాడంటే, చూసే మనకు కూడా ఆ ముక్కు కనిపించడం మానేస్తుంది. రాజు కాదు, వీరుడు కాదు, అందగాడు అంతకంటే కాదు. ముసలితనం కూడా చిత్రించదగినదే, ప్రేమించదగినదే అని చెప్పినది ఆ కాలపు కళ. ఆ ఉద్యమమంతా ఒక్క బొమ్మలో చూపమంటే నేను దీన్నే చూపుతాను.

ఆ రోజుల్లో మన తెలుగు నేల ఏం చేస్తున్నదని మీరు అడగవచ్చు. రోములో మైకేలాంజెలో సిస్టైన్ ప్రార్థనాలయం పైకప్పు మీద బొమ్మలు వేసింది 1508 నుంచి 1512 వరకు. మన శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కింది 1509లో. అక్కడ కొలువులు కవులను, శిల్పులను పోషిస్తుంటే ఇక్కడ భువనవిజయం వెలుగుతోంది. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన రాయలవారి లోహ విగ్రహాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. లేపాక్షి పైకప్పు మీద ఆనాటి చీరల అంచులు, తలపాగాలు, టోపీలు నేటికీ చూడవచ్చు. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ విజయనగర ప్రభుత్వోద్యోగి. అనుమతి లేకుండా ఖజానా సొమ్ము ఖర్చు పెట్టాడన్న అభియోగం వస్తే, రాజు శిక్షించేలోపు తానే తన కళ్లు గోడకేసి కొట్టుకున్నాడని అక్కడ ఐతిహ్యం. కథ నిజమో కాదో గాని, ఆడిట్ అభ్యంతరం అంటే ఏమిటో తెలిసిన మనకు ఆయన మీద జాలి కలుగుతుంది.

కళలో మనం వెనుకబడలేదు. వెనుకబడినది చదువును పదిమందికి పంచడంలో. జర్మనీలో గుటెన్‌బర్గ్ బైబిలు 1455 ప్రాంతంలో అచ్చయింది. తెలుగు పుస్తకాలు అచ్చయింది 1746లో, అదీ జర్మనీలోని హాలే పట్టణంలో, ఒక క్రైస్తవ బోధకుడి పూనికతో. దాదాపు మూడు వందల సంవత్సరాల ఎడం. ఈలోగా మన కావ్యాలు తాటాకుల మీద, పండితుల ఇళ్ల అటకల మీద చెదపురుగుల దయ మీద బ్రతికాయి. వాటిని వెదకి వెలికి తీసిన సి.పి. బ్రౌను కుంపిణీ ఉద్యోగి. ఆయన చేతి కింద జీతాలు తీసుకుని పాఠాలు సరిచూసినవారు తెలుగు పండితులు. నన్నెచోడుని కుమారసంభవం ఉన్నదని కూడా లోకానికి తెలియని స్థితిలో, మానవల్లి రామకృష్ణకవిగారు తాళపత్రాల్లో దాన్ని కనుగొని 1909లో అచ్చుకు తెచ్చారు. పోజ్జో చేసిన పనికి దీనికి తేడా ఏమున్నది?

ఇప్పుడు కోఠికి వద్దాం. మనం కూర్చున్న చోటికి దగ్గరలోనే రెండు పునరుజ్జీవనాల గుర్తులు ఉన్నాయి.

మొదటిది రాతితో కట్టినది. పాత బ్రిటిష్ రెసిడెన్సీ. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కాలంలో 1803 ప్రాంతంలో పని మొదలైంది. ఎత్తయిన స్తంభాల వరుస, ముందు విశాలమైన మెట్లు, రెండు సింహాలు. ఈ పద్ధతికి మూలపురుషుడు పల్లాడియో. ఆయన 1508లో పుట్టిన ఇటలీ వాస్తుశిల్పి. ప్రాచీన రోమను కట్టడాలను కొలిచి, 1570లో పుస్తకం అచ్చువేశాడు. ఆ పుస్తకం ఇంగ్లండు వెళ్లింది, అక్కడి అభిరుచి మన మూసీ ఒడ్డుకు వచ్చింది. రూపం మానవతావాదుల నుంచి వచ్చిందేగాని అందులో కొలువుదీరింది కుంపిణీ అధికారం. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమవారితో దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. కాలం మారి 1949లో ఆ భవనం మహిళా కళాశాల అయింది, 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఏ స్తంభాల నీడకు సామాన్యుడు రాలేకపోయాడో అక్కడ సామాన్యుల ఆడపిల్లలు చదువుకున్నారు. ఆ రాళ్లకు అప్పుడు గదా సార్థకత వచ్చింది!

రెండో గుర్తు ఆ రెసిడెన్సీ పక్కనున్న బజారులో మొదలైంది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం స్థాపించారు. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. అటువంటి రోజుల్లో తెలుగు పుస్తకాలకు ఒక ఇల్లు ఏర్పాటు చేశారు. నాలుగు వందల ఏళ్ల నాటి రాజు పేరు పెట్టడంలోనే, మా వెనుకటి వైభవాన్ని మళ్లీ చదువుకుంటామన్న సంకల్పం ఉన్నది. పునరుజ్జీవనం అంటే ఇదే. రంగారావుగారు చిన్న వయసులోనే 1910లో పోయారు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు విరాళమిచ్చి అండగా నిలిచారు. 1921 నాటికి నిలయానికి సొంత భవనం వచ్చింది. నిక్కొలి పుస్తకాలు, మెడిచి డబ్బు అని ఇందాక చెప్పుకున్నాం. కోఠిలో ఆ రెండు పాత్రలూ ఒక్క దంపతులే పోషించారు.

ఆ స్థాపకుల్లో కొమర్రాజు లక్ష్మణరావుగారు ఒకరు. మునగాల సంస్థానంలో దివాను, అంటే ఆయనా ఉద్యోగే. 1906లో ఇదే నగరంలో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టారు. కథలు, పురాణాలే కాక చరిత్ర, ప్రకృతి శాస్త్రాలు, మహాపురుషుల జీవితాలు తేలిక తెలుగులో రావాలన్నది వారి పట్టుదల. మొదట వచ్చిన పుస్తకం అబ్రహాం లింకను చరిత్ర. నిజాం రాజ్యంలో తెలుగువాడు చదవడానికి బానిసత్వం రద్దు చేసినవాడి కథ ఎంచుకున్నారు! ఆయన అక్క బండారు అచ్చమాంబగారు బడికి వెళ్లే అవకాశం లేక, తమ్ముడి చదువు పక్కన కూర్చుని నేర్చుకున్న మనిషి. ఆమె రచించిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' 1901లో వచ్చింది. స్త్రీల జీవితాలే చరిత్ర అని ఒక స్త్రీ రాసిన పుస్తకం. ముప్ఫై ఏళ్లకే, 1905లో ఆమె కన్నుమూశారు.

అయితే పుస్తకాలు ఒక్కటే చాలలేదు. 1921 నవంబరులో కోఠి దగ్గర వివేకవర్ధని పాఠశాలలో కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు శ్రద్ధగా విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోగా చప్పట్లు కొట్టి గేలి చేసింది. సంఘాన్ని సంస్కరించే సభలో జరిగిన సంగతి ఇది! ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘం స్థాపించుకున్నారు. ఆ ఉద్యమానికి పెద్దదిక్కయిన మాడపాటి హనుమంతరావుగారు తొలుత విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవారే. 1928లో ఆయన బాలికలకు తెలుగు పాఠశాల పెట్టించారు, 1951లో హైదరాబాదు మేయరయ్యారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపంతో జవాబు చెప్పలేదు. ఊరూరా ఉత్తరాలు రాసి, 354 మంది కవుల వివరాలు సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. ఆధారాలతో కూడిన జవాబు. ఫైలు పనిలో ఆరితేరినవారికి దాని విలువ తెలుస్తుంది.

పొగడ్త ఒక్కటే చెప్పి ఊరుకుంటే మీకు సగమే చెప్పినవాణ్ణవుతాను. ఇటలీలో మనిషి గొప్పతనాన్ని కీర్తించిన కాలంలోనే ఫ్లోరెన్సు ధనికుల ఇళ్లలో కొని తెచ్చిన బానిస స్త్రీలు పనిచేశారు. ఇసోత్తా నొగరోలా అనే విదుషీమణి లాటిన్‌లో పండితులతో సమానంగా రాస్తే మెచ్చుకోళ్ల కంటే ఎక్కువగా నిందలు మోసింది. మనిషి అన్న మాటలో ఎవరెవరు చేరతారన్న ప్రశ్నకు వారు పూర్తి జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్న కోఠి చుట్టుపక్కల భాగ్యరెడ్డివర్మగారు అడిగారు. 1888లో పుట్టిన ఆయన 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో తనవారిలో చైతన్యం తెచ్చారు. గ్రంథమండలి పుట్టిన సంవత్సరమే అది. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లిలలో అంటరానివారని దూరం పెట్టిన పిల్లలకు చదువు మొదలుపెట్టారు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షత వహించి, మేము అయిదో వర్ణం కాదు, ఈ నేలకు మొదటివారమని చెప్పారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. పాత పుస్తకం తెరిస్తే ఎవరికి గౌరవం వస్తుంది, ఎవరికి రాదు అని కూడా చూసుకోవాలని ఆయన జీవితం చెబుతోంది. ఇసామియా బజారు బడిని చేర్చకపోతే కోఠి పునరుజ్జీవన కథ పూర్తి కాదు.

సోదరులారా, ఇదంతా ఎందుకు చెప్పానంటే, మనలో చాలామంది పదవీ విరమణతో మన పని అయిపోయిందని అనుకుంటారు. నెలనెలా పెన్షన్, ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్, మందుల బిల్లులు. బ్రతికి ఉన్నామని కాగితం మీద నిరూపించుకుంటున్నాం. నిజంగా బ్రతికి ఉన్నామని ఇంకో విధంగా కూడా నిరూపించవచ్చు. మీ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను.

ఒకటి. ఇల్లు మారినప్పుడు, పెద్దవారు పోయినప్పుడు పాత పుస్తకాలు, పత్రికల కట్టలు, తాతల నాటి ఉత్తరాలు కిలోల లెక్కన అమ్మేస్తున్నాం. ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పుస్తకాల బజారుకు చేరినవి అదృష్టవంతమైనవి. కొన్నవాడైనా చదువుతాడు. చేరనివి గుజ్జు అవుతాయి. అమ్మే ముందు ఒక్కసారి ప్రతి కాగితం చూడండి. పనికివచ్చేవి భాషానిలయానికో, మరో గ్రంథాలయానికో అప్పగించండి. పాత కాగితాన్ని చూడగానే దేన్ని ఉంచాలో, దేన్ని తీసివేయాలో చెప్పగల నేర్పు ఈ గదిలో ఉన్నంత ఇంకెక్కడా లేదు.

రెండు. మన మనవలు తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవలేరు. రోజుకు అరగంట ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించండి. ఘిర్లాందాయో బొమ్మలోని తాత ముఖం మీ ముఖమే అనుకోండి.

మూడు. మీ ఉద్యోగ జీవితం రాయండి. కార్బను కాగితాలు, సైక్లోస్టైలు యంత్రాలు, 1966 అధికార భాషా చట్టం తరువాత తెలుగులో నోటు రాయడానికి పడిన పాట్లు, తహసీలు కచేరీ ముందు చెట్టు కింద కూర్చుని అర్జీలు రాయించుకున్న రైతులు – ఇవి ఏ చరిత్ర పుస్తకంలోనూ లేవు. ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్నది రాస్తే, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి బహుమతి దానికి వచ్చింది. మీరు పది పేజీలు రాసి ఈ పత్రికకు పంపండి. దస్తూరి కుదరకపోతే చెప్పండి, ఫెయిర్ కాపీ తీయడానికి నేనున్నాను. ఆ పని నాకు చేతనవును.

 ఇక డి.ఎ. విషయం తదుపరి వక్తగారు వివరిస్తారు. సెలవు.